పది నిమిషాల నీడ

సిత్రా రిఫైనరీ గోడ పక్కన
కంపెనీ ఏసిన నీడ ఒక్కటే.
రేకుల షెడ్డు, రెండు బల్లలు,
ఇసుక పోసిన డబ్బా, గొలుసుకు కట్టిన లైటరు.
పొగ తాగెటోనికి పది నిమిషాలు.
తాగనోనికి ఎండ.

వచ్చిన కొత్తల నేను తాగనోన్ని.
షెడ్డుల ఓ మూలకు ఒదిగి కూసుంటే
ఫోర్‌మన్ సబ్రీ అడిగిండు, నీ సిగరెట్ ఏదని.
లేదంటే లెవ్వుమన్నడు.
తెల్లారి షాహీన్ దగ్గర ఒకటి అప్పు తీసుకున్న.
రుచికి కాదు, రందికి కాదు,
కూసుండేటందుకు.

నా గొంతు సంగతి చెప్పనైతి.
కథలాపూర్ దిక్కు ఒగ్గు పట్టినోన్ని.
రెండు డోళ్లు, రెండు తాళాలు, నా గొంతు ఒకటి.
పట్నం ముగ్గు కాడ ఎత్తుకుంటే
కోడి కూసేదాంక దించేది లేదు.
గురువు సత్తెన్న గదిమేటోడు:
"దమ్ము దాసుకోరా, కథ ఇంక సగమే అయింది."

దమ్ము.
ఊపిరికీ అదే మాట,
పొగ గుంజుడుకూ అదే మాట.
ఇన్నేండ్లు నోట్లె నానినా
రెండూ ఒక్కతీరు పలుకుతయని సోయి లేకపాయె.

గొంతు ఒక్కనాడే పోలేదు.
కిరాయి ఇల్లు ఖాళీ చేసినట్టు
ఒక్కొక్క సామాను బయటికి పోయింది.
ముందుగాల పై కొస,
రాణి అలిగి తలుపేసుకునే కాడ పెట్టే సన్నటి కూత.
ఆ యెనుక పొడుగు రాగం.
ఒక్క ఊపిరిల ఎనిమిది మాటలు చెప్పెటోన్ని,
నాలుగో మాటకే
పిలువని వంతగాని లెక్క దగ్గు వచ్చి అందుకుంటది.

జుమ్మా నాడు రూముల లింబాద్రి
కుక్కర్ మూత మీద దరువేస్తడు. ఎత్తుకోవే అన్నా.
మెట్టు దించి ఎత్తుకుంట.
రాణి మాటలు గూడ రాజు గొంతులనే వస్తయి.
పోరగాండ్లు చప్పట్లు కొడ్తరు.
వాళ్లు అసలు గొంతు ఇన్నోళ్లు కాదు గద.

మనామా దవాఖానల మలయాళీ డాక్టరమ్మ
సన్నటి తీగకు దీపం కట్టి ముక్కులకెల్లి దించింది.
తెర మీద చూపెట్టింది.
తెల్లగుండాల్సిన రెండు పోగులు
నానవెట్టిన ఎండుమిరపకాయలయినయి.
దగ్గరికొస్తున్నయి గని అతుకుతలేవు.
ఎందుకు మొదలువెట్టినవని హిందీల అడిగింది.
ఛావ్ కోసం అన్న, నీడ కోసమని.
ఆమెకు చాయ్ అని ఇనవడ్డది.
చాయ్ గూడ తగ్గియ్యుమన్నది.
ఇది మానితే కొంత మళ్లి వస్తదట,
ఎంతనో చెప్పలేనన్నది.
వారం నోరు తెరవద్దు, గుసగుస అసలే వద్దు.

వారం మాట్లాడలే.
సైట్ల ఎవ్వలూ గుర్తువట్టలే.

ఆ వారంలనే లింబాద్రి ఫోన్ల
మా దిక్కు జాతరల ఎవలో తీసిన పాత రికార్డు దొరికింది.
పాట ఇనలే నేను.
పాటకు ముందు, ఎత్తుకునేటప్పుడు,
నేను గాలి తీసుకున్న చప్పుడు ఉంది దాంట్లె,
ఖాళీ కుండల నీళ్లు దుంకినట్టు.
అంతవరకే ఇన్న. మళ్ల ఎన్కకు జరిపి అంతవరకే.
రాత్రి రెండయ్యేదాంక.

ఇయ్యాల పది గంటలకు షెడ్డుకు పోయిన.
జేబుల ఒక్కటే సిగరెట్,
మూడు దినాల సంది అదే,
చెమటకు మెత్తగయింది.
ఏళ్ల నడుమ వెట్టుకొని కూసున్న, ముట్టియ్యలే.
షాహీన్ పొగ నా మొకం మీదికెల్లే పోతుంది.
సబ్రీ ఇటు చూసిండు.
చేతిల గడియారం చూసుకున్నడు, మళ్ల ఇటు చూసిండు.
లేసి వచ్చి,
గొలుసు అందినంత దూరం లైటరు గుంజి,
గాలికి ఆరకుంట అరచెయ్యి అడ్డంవెట్టి
మంట నా ముంగట పట్టిండు,
సొంత సుట్టం లెక్క.

ఇంక ఏడు నిమిషాలున్నయి.