అడుగుకి నూటనలభైనాలుగు

గ్రానైటు అడుగు నూటఎనభై అన్నాను,
పాలిష్ వేరే, నా కూలి వేరే.
కాత్యాయనమ్మ క్యాలెండరు వెనక లెక్క గీసి
పన్నెండు పన్నెండ్లు నూటనలభైనాలుగు,
రూపాయి బిళ్ళలే చవక కదప్పా, అనింది.
నవ్వుతుందేమో అని చూసినాను.
నవ్వలేదు.
మంచం కింద నించి మూడు డాల్డా డబ్బాలు ఈడ్చింది.

మత్తికెరెలో ఆయమ్మ అంగడి ముందు
ఎర్రపెట్టె ఫోనొకటి వేలాడేది,
రూపాయి మింగి నిమిషం మాట కక్కేది.
ఇన్ని ఎందుకు దాచినావమ్మా అంటే
చిల్లర అంగడికి ఎప్పుడైనా పనికొస్తుంది, అనింది.
అంగడి మూసి ఆరేళ్ళు.

వంటింటికీ నడవకీ నడుమ
మూడడుగులు, నాలుగడుగులు.
బిళ్ళలు కడిగితే బకెట్టు నీళ్ళు మూడుసార్లు నల్లబడినాయి,
నాలుగోసారి కూడా తెల్లబడలేదు,
చాల్లే అని పారబోసినాం.
మా చెంగల్రాయుడు కాలు తగిలిన బిళ్ళనల్లా
కళ్ళకద్దుకుంటా కూర్చున్నాడు.
ఒరే, ఇట్లయితే ఉగాదికి గానీ కాదు అంటే
లక్ష్మిని తొక్కేదెట్లన్నా, అని వాడు.
ఆయమ్మ చిక్కుడుకాయలు తుంచుతా అనింది:
ఊరంతా నిలబడే తిరిగింది లక్ష్మి,
కండక్టరు సంచీలో, కల్లంగడి గల్లాలో.
నా ఇంట్లో అయినా పడుకోనీ.
సింహాలు మాత్రం కిందికి తిప్పండి,
ఒకట్లు పైకి.

వరసకీ వరసకీ సగం బిళ్ళ జరిపితే
సందులు తగ్గుతాయి, బిళ్ళలు ఎక్కువ పడతాయి.
ఆయమ్మ లెక్క తప్పుతుందని
నిలువుగానే పేర్చుకుంటా వచ్చినాం.
తొంభైమూడు పక్కన రెండువేలు,
దాని పక్కన మళ్ళా తొంభైరెండు.

మూడో డబ్బా సగంలో వేలికి తగిలింది.
చిల్లు బిళ్ళ.
అంచుకి దగ్గరగా, కొంచెం వంకరగా.
రాయి కోసే మేస్త్రీ బీడీకి పోయినప్పుడు
సన్న బిట్టుతో గబగబా వేస్తే
చిల్లు అట్లనే వస్తుంది.
పదైదేళ్ళ వయసులో
వేసింది నేనే.

నైలాన్ దారం కట్టి వదిలితే
పెట్టె మింగేది, నేను లాక్కునేవాణ్ణి.
ఫోను చేసేందుకు నాకెవరూ లేరు.
టైము చెప్పే నంబరుకి చేసేవాణ్ణి.
ఎవరో ఒకామె, విసుగు లేని గొంతు,
గంటలు, నిమిషాలు, సెకండ్లు,
అన్నీ కన్నడంలో.
చెవికి ఆనించుకునే ఉండేవాణ్ణి,
ఒంబత్తు తర్వాత హత్తు వచ్చేదాకా.
ఈ ఊళ్ళో నాకు అంకెలు నేర్పింది ఆమే.
ఇప్పటికీ టైల్సు ఆమె గొంతుతోనే లెక్కపెడతాను.
ఒకరోజు దారం తెగింది.

బిళ్ళని గుప్పిట్లో మూసి
ఒకటి పనికిరాదమ్మా, చిల్లు పడింది, అన్నాను.
చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది.
దాన్ని గుమ్మం దగ్గర పెట్టప్పా.
నా అంగడికి అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన
రూపాయి అదొకటే.

నా మొగం చూసి అనిందో, గుప్పిట చూసి అనిందో.
నేను తలెత్తలేదు.
అప్పటికే మట్టంగా ఉన్న నేల మీద
మట్టపు పలక పెట్టి చూస్తా ఉండిపోయినాను.

సాయంత్రం రెజిన్ పోసినాం.
అన్నీ అణిగినాయి గానీ
ఆ చిల్లులోంచి మాత్రం ఒక బుడగ
లేస్తుంది, పగులుతుంది, మళ్ళా లేస్తుంది.
చెంగల్రాయుడు హీట్ గన్ను తెస్తానంటే వద్దన్నాను,
మోకాళ్ళ మీద కూర్చుని సూదితో పొడస్తా ఉన్నాను.
టైమెంతయిందప్పా, లోపల్నించి ఆయమ్మ కేక.
ఆరు గంటె, ఇప్పత్తు నిమిష, అన్నాను.
సెకండ్లు కూడా చెప్పబోయి
ఆగినాను.