మైకు తెరిచే ఉంచు

పదిహేడు గళ్ళు.
పదకొండింటిలో చీకటి, చీకట్లో ఒక్కో తెల్లని పేరు.
వినికిడి లేని పిల్లలకు చదువు చెప్పడం ఎలాగో
నేర్పే రెండేళ్ళ ఎం.ఇడి. మాది.
చిలీ, చీర నుంచి చింపిన అంచులా పొడుగు.
ఆ కొసన ఎడారి, ఈ కొసన మంచు,
నడుమ తెముకోలో నేను,
చల్లారిన టీ, బల్ల కింద తడి మేజోళ్ళు.

మొదటి వారం మేడమ్ అన్నారు:
"మీ గురించి మూడు వాక్యాలు రాయండి,
ఇద్దరికి జవాబివ్వండి. మార్కులున్నాయి."
రాశాం. ఇచ్చాం. మార్కులొచ్చాయి.
ముక్కూ మొహం మాత్రం తెలియలేదు.

జూన్‌లో ఒక బుధవారం
క్లాసయిపోయి అందరి వేళ్ళూ ఎర్ర మీట మీదున్నాయి.
ఎల్సీరా మైకు కట్టెయ్యడం మరిచిపోయింది.
ఏదో వేగుతున్న చప్పుడు.
"ఏం వేయిస్తున్నావు?" కలామా నుంచి ఫెర్మిన్.
"వాన," అంది. "రేకుల మీద. కాస్త్రోలో ఇది ఆగదు."
అతను కాసేపు మాట్లాడలేదు.
"మావాడికి ఆరేళ్ళు. వాననెప్పుడూ వినలేదు.
కట్టెయ్యకు, లేపి తీసుకొస్తా."

వచ్చాడు వాడు, దుప్పటితో సహా,
ఒక చెవి తెరకానించి.
తొమ్మిదిమందిమి ఉండిపోయాం.
ఎందుకో ఎవరూ చెప్పలేదు.

అప్పట్నుంచి బుధవారాలకి తోక మొలిచింది.
మాకు పది, యోవాంకాకి పదకొండు,
అందరికీ ఒకే వాన.
దాని కిందే ఒకరి గణాంకాలు ఒకరం దిద్దాం.
దాని కిందే యోవాంకా విడాకుల కాగితం చదివింది,
రెండో పేజీలో తప్పు పట్టింది కూడా ఫెర్మినే.
చదువు మానేద్దామనుకున్న సంగతి
ముందు వాళ్ళకి చెప్పాను, మా ఆయనకి తర్వాత.

ఆగస్టులో కాస్త్రోకి కరెంటు పోయింది.
ఎల్సీరా గడి ఆరిపోయింది.
వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.
పుంతా అరేనాస్‌లో యోవాంకా కిటికీ తెరిచింది,
జలసంధి గాలి లోపలికి దూకి గిన్నెలు దొర్లించింది.
నేను పొయ్యి తలుపు తీశాను,
తడి కట్టె చిటపటమని గొణిగింది.
"నా దగ్గరేం లేదు," అన్నాడు ఫెర్మిన్.
"ఇక్కడ రాత్రికి చప్పుడుండదు."

"మైకు తెరువు," అన్నాం.

తెరిచాడు.
పగలంతా చేతులతో మాట్లాడే మనుషులం,
చాలాసేపు విన్నాం.