ముప్పై ఎనిమిదో ఆకు

ఈ ఉదయం ముప్పై ఎనిమిదోది రాలింది.
ఆకు రాలితే చప్పుడుండదంటారు.
ఉంటుంది.
కిటికీ గట్టు చలువరాయి మీద
టిక్కుమని,
చొక్కా బొత్తాం ఊడి పడ్డట్టు.

ముప్పై ఒక్క ఏళ్ళు త్రియెస్తె ఆసుపత్రిలో
జనం ఎముకలకి ఫోటోలు తీశాను.
ఊపిరి బిగపట్టండి. కదలకండి. ఇక వదలండి.
పగులు ముందు నాకే కనపడేది.
ఏం తెలిసింది అని ఎవరైనా అడిగితే
డాక్టరు గారు చెబుతారు, అనేదాన్ని.
ఇప్పుడీ జానెడు జువ్విచెట్టుకి
ఫోటో నేనే, డాక్టరూ నేనే.

సరే, చూద్దాం.

పసుపు ఎక్కడ మొదలైంది?
లోపల, కాండానికి ఆనుకున్న ముదురాకుల్లో.
కొసచిగుళ్ళు పచ్చగానే ఉన్నాయి.
ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి
మధ్యంతా పాలిపోతే ఇనుము చాలలేదనుకుందును.
ఇది అలా కాదు,
ఆకు ఆకంతా, ఆరిన నిమ్మతొక్క.

అక్టోబరు చివర్లో కుండీ మార్చాను.
నా తప్పు. నోటుపుస్తకంలో రాసుకున్నాను కూడా.
వసంతం దాకా ఆగాల్సింది.
కానీ అడుగు కన్నంలోంచి వేళ్ళు బయటికొచ్చి
ట్రేని గోళ్ళతో పట్టుకున్నట్టుంటే
ఎవరు మాత్రం ఊరుకుంటారు?
మూడోవంతు కత్తిరించాను.
మూడోవంతే.

వేరు తగ్గితే ఆకూ తగ్గించుకుంటుంది చెట్టు,
జరుగుబాటు లేని ఇంట్లో
ఒక్కో గదికీ దీపం ఆర్పేసినట్టు.
అది పొదుపు, జబ్బు కాదు.
కానీ ఆరు వారాలయింది.
ఇంకా ఎన్ని దీపాలు?

బోరా గాలేమో అనుకున్నాను.
సాన్ జాకొమో కొండ మీద ఇళ్ళకి
డిసెంబరులో కిటికీలు ఉన్నా లేనట్టే.
కొవ్వొత్తి వెలిగించి సందులన్నీ వెతికాను,
మంట వంగలేదు.
రేడియేటరుకి ఎప్పుడో దూరం జరిపాను.
తెల్లకాగితం పట్టి కొమ్మ దులిపితే
దుమ్ము పడింది, నడవలేదు.
గోరుతో బెరడు గీకాను.
లోపల పచ్చన. ఒక చుక్క పాలు.

బతికే ఉంది.
ఊపిరి బిగపట్టి ఉంది, అంతే.

చివరికి పుల్ల.
జపాను హోటల్లో తిన్నాక సంచిలో వేసుకొచ్చినది.
మట్టిలో గుచ్చి, కాఫీ కాచి, తాగి, తీశాను.
ఆదివారం నీళ్ళు పోశాను, మళ్ళీ పోయలేదు.
ఇవాళ గురువారం.
పుల్ల సగం దాకా నల్లగా తడి.
వాసన చూస్తే
ఓడరేవులో నానిన గోనెసంచి.

ఎవరు?

ఈ ఇంటికి తాళంచెవులు రెండు.
రెండోది కింది అంతస్తులో దుయీలియో దగ్గర,
జూన్‌లో నేను మెట్ల మీద జారినప్పటి నుంచి.
మోకాలి వ్యాయామానికి పదింటికి నేను వెళ్ళడం
అతనికి తెలుసు.

తలుపు తట్టి పుల్ల చూపించాను.
నలభై ఏళ్ళు ఓడల్లో వండినవాడు,
ఉప్పెక్కువైతే ఒప్పుకోవడం అలవాటు.
"ఆకులు పడుతుంటే దాహమేమో అనుకున్నా నీవెస్.
ఈ చిన్న కాఫీ గ్లాసుడే.
రోజుకొకటే."
చెప్పొచ్చు కదా అన్నాను.
"చెబితే వద్దంటావు."
జేబులోంచి తాళంచెవి తీసి
నా వైపు చాపాడు.

డాక్టరు గారు చెబుతారు,
పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
తాళంచెవి తీసుకోలేదు,
పుల్ల ఇచ్చాను.
"సోమవారం దాకా చుక్క పోయకు.
ఆ రోజు నువ్వే గుచ్చి చూడు.
పొడిగా వస్తేనే గ్లాసు."

పైకొచ్చేసరికి ముప్పై తొమ్మిదోది
గట్టు మీద వెల్లకిలా పడి ఉంది.
అది ముందే బయల్దేరిన ఆకు.
దాన్ని లెక్కలో వేయలేదు.