కన్నం

మా వెనక సందు గేటు వెడల్పు తొంభై ఒక్క సెంటీమీటర్లు.
బండి, పక్క పెట్టెలతో కలిపి, తొంభై ఎనిమిది.
ఇడ్వల్ టేపు పట్టి మూడుసార్లు కొలిచాడు
మూడోసారికైనా గోడ జాలిపడి జరుగుతుందేమోనని.

జరగలేదు.
అందుకే రోజూ పెట్టెలు ఊడదీసి లోపలికి,
పెట్టెలు బిగించి బయటికి.
నాలుగు వందల కిలోల బండి,
దాన్ని తోసే అరవై మూడేళ్ళ మోకాళ్ళు.

పాత బండి పోయిన పొద్దున
వాకిట్లో తెగిన గొలుసొకటే మిగిలింది,
పాము విడిచిన కుబుసంలా.
పోలీసు కుర్రాడు రాసుకుని వెళ్ళిపోయాడు.
ఇడ్వల్ ఆ గొలుసు పారెయ్యలేదు,
వంటింటి సొరుగులో చెంచాల పక్కన పెట్టాడు.
నెలపాటు, చెంచా కోసం చెయ్యి పెడితే
చల్లగా తగిలేది.

తర్వాత కోట కట్టాడు.
ఆరంగుళాల కాంక్రీటు, అందులో పాతిన కొక్కెం,
పదహారు మిల్లీమీటర్ల గొలుసు,
రేకు కాదు, ఉక్కు పలకల గోడలు,
కదిలితే కేకపెట్టే అలారం.
మొదటి వారం అది మా పిల్లిని ఏడుసార్లు పట్టుకుంది.
ఏడుసార్లూ పక్కింటి హేడిన్ పైజామాతో, టార్చితో.

"మన వీధి తలుపుకి ఒకటే తాళం," అన్నాను,
"అదీ గట్టిగా తుమ్మితే ఊడుతుంది."
"నిన్నెవరెత్తుకుపోతారు నెస్టా," అని నవ్వాడు.
నేనూ నవ్వాను.
ఆ రాత్రి అతని టీలో చక్కెర వెయ్యలేదు.

పలకరాతి కొండ కింద ఊరు మాది.
ఇక్కడ వాన పడటమంటూ ఉండదు,
వాన ఆగటమనేదే అప్పుడప్పుడు జరుగుతుంది.
జనవరిలో తలుపు తీస్తే
సీటు మీద తెల్లటి బూజు,
బోల్టు బోల్టుకీ ఎర్రటి చుక్క.
తడిసి వచ్చిన బండి, వేడి తగ్గని ఇంజను
రాత్రంతా ఊపిరి వదిలింది.
ఊపిరికి దారి లేదు.
కప్పుకి అంటుకుని, చుక్కలై,
మళ్ళీ దాని నెత్తినే రాలింది.
ఇంటి దొంగను దేవుడైనా పట్టలేడు.

డ్రిల్లు తెచ్చి
తన కోటకి తనే కన్నాలు వేసుకున్నాడు.
కింద నాలుగు, పైన నాలుగు, వాచీ మొహమంత.
ఒక్కోటి పూర్తయ్యాక
పన్ను పీకించుకున్నవాడిలా దవడ పట్టుకున్నాడు.
ఏడింటికి వల బిగించాడు.
ఎనిమిదో దానికి వల చాల్లేదు,
రేపు తెస్తానన్నాడు.

ఏప్రిల్. బల్ల మీద స్పెయిన్ మ్యాపు,
మ్యాపు మీద ఓడ టికెట్లు, టికెట్ల మీద అతని కళ్ళజోడు.
కొట్లోంచి పిలిచాడు. కేక కాదు,
నిద్రపోతున్న పిల్లలున్న గదిలోంచి పిలిచినట్టు.
కవరు మడతలో, కుడి అద్దం వెనక,
నాచు, పిల్లి బొచ్చు, నా ఊదా స్వెటరు పోగు ఒకటి,
మధ్యలో అయిదు గుడ్లు, ఒక్కోటీ బఠాణీకి అన్నలాంటిది.
బొటనవేలంత పిట్ట, మా వాళ్ళు డ్రియూ అంటారు,
తోక నిక్కబెట్టి మమ్మల్నే దొంగల్ని చూసినట్టు చూసి
గొంతుకి మించిన తిట్లు తిట్టింది.

కొక్కెం దాన్ని ఆపలేదు.
గొలుసు దాన్ని చూడనే లేదు.
అలారానికి అదొక బరువే కాదు.

ఇడ్వల్ అలారం ఆపేశాడు.
ఓడ కంపెనీకి ఫోను చేసి
"ఇంట్లో పురుడు," అన్నాడు.
ఎవరికని వాళ్ళు అడగలేదు,
నలభై పౌన్లు మాత్రం అడిగారు.

సాయంత్రాలు బకెట్ బోర్లించుకుని
కొట్టుకి దూరంగా కూర్చున్నాడు,
తాళంచెవి జేబులో, చూపు ఎనిమిదో కన్నం మీద.
మే నెలంతా మా ఇంట్లో
అతి భద్రంగా ఉన్నది బండి కాదు.

జూన్‌లో నా సీటు మీది రెట్టలు నేనే తుడిచాను.
గేటు బయట పెట్టెలు బిగిస్తున్నాడు,
మోకాలు పట్టేసి ఒకసారి ఆగాడు.
"ఆ వల?" అన్నాను.
"రేపు," అన్నాడు,
హెల్మెట్ పెట్టుకుంటూ.