రెండు గాంధారాల మధ్య

రిహార్సల్ నాడే చెప్పింది లోవకుమారి,
"ఇక్కడ పదకొండు అక్షరాలు వాయించకండి మాస్టారూ,
లెక్క మాత్రం వదలకండి."
నలభయ్యేళ్ళుగా మృదంగం నా ఒళ్ళో ఉంది.
వాయించకుండా ఉండడానికి
నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు.

కొత్తపేట క్లబ్బు హాల్లో ఫ్యాన్లు ఆపించాం.
ముందు వరసలో రైసుమిల్లు రాజుగారు,
వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని
లాకుల దగ్గర్నించొచ్చిన జనం.
రచనకి పేరు లేదు. కాగితం మీద
"లొల్ల, తెల్లవారుజాము" అని రాసుంది, అంతే.

సాహిత్యం లేదు.
ఫిడేలు కింది గాంధారం మీద నిలబడింది.
పై గాంధారానికి పోవాలి.
ఒక్క వేలు జారితే అయిపోయే దూరం.
పోదు.
శాస్త్రం ఒప్పుకోని ఆ సందులో
వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత
పైకొస్తోంది.

వాళ్ళ నాన్న దొమ్మేటి సత్తిరాజు, లస్కరు.
లాకు చక్రం తిప్పీ తిప్పీ అరచేతులు కొబ్బరిపీచు.
"పడవని తొందరపెట్టకూడదే అమ్మాయ్.
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ ఒక మట్టానికి రావాల.
అప్పుడు తలుపు చిటికెనవేలితో నెట్టినా తెరుచుకుంటది."
పడవలు పోయాయి, లారీలొచ్చాయి.
రిటైరయ్యేదాకా ఆయన
ఎవరూ రాని తలుపులకి గ్రీజు రాశాడు.

అది దుఃఖమంటే నేనొప్పుకోను.
దుఃఖానికి నాకు తెలిసిన రాగాలున్నాయి,
వాటి మీద బియ్యం కొనుక్కున్నాను కూడా.
ఇది ఆగడం.
చీకట్లో, రెండు గోడల మధ్య, పడవ కింద
నీరు మనకి చెప్పకుండా పెరగడం.

అప్పుడొచ్చాయి నా పదకొండు.
ఒకటి. రెండు. మూడు.
కమాను తీగ మీదే ఉంది, చప్పుడు లేదు.
నాలుగు. బయటెక్కడో కొబ్బరికాయల లారీ గేరు మార్చింది.
ఐదు. ఆరు.
ఏడు దగ్గర మా తమ్ముడు కనబడ్డాడు.
చేను గట్టు తగాదా తరవాత
పదహారేళ్ళుగా నేను పలకరించని తమ్ముడు,
మోకాల్లోతు నీళ్ళలో, లాగూ పైకి మడిచి,
చిన్నవాడు.
లెక్క పోయింది.

ఎత్తుకోవాల్సిన చోట ఎత్తుకోలేదు.
లోవ నా వైపు చూసింది.
కోప్పడలేదు. ఇంకో ఆవర్తం
ఆ నిశ్శబ్దాన్నే మళ్ళీ
నాకోసం వాయించింది.

వేదిక దిగాక రాజుగారన్నారు,
"బాగుందండి, ఆయ్. కానీ
ఇందులో దేవుడెక్కడున్నాడో తెలీలేదండి."
లోవ నవ్వి, ఫిడేలుకి గుడ్డ చుట్టింది.
వెనక వరసలో ఎవరివో చెప్పులు
కుర్చీ మీద మిగిలిపోయాయి.

రాత్రి, బండి వెనక మృదంగం కట్టుకుని
కాలువ గట్టంట వస్తున్నాను.
వేసవి కదా, కాలువ కట్టేశారు.
బురద, అందులో ఓ తిరగబడ్డ దోనె.
తమ్ముడి ఊరి మలుపు దగ్గర ఆగాను.
ఇంజనాపలేదు.
ఎనిమిది, అనుకున్నాను.
తొమ్మిది.