తోక ఖరీదు

ఏప్రిల్ సగమయినా డులూత్‌ని మంచు వదల్లేదు.
వంటగది బల్ల మీద రెండు కవర్లు,
వాటి మధ్య చల్లారిపోయిన కాఫీ.
దంతవైద్యం పట్టా ఇంకా గొట్టంలోనే చుట్టి ఉంది.
దానికోసం గోడకి మేకు కొట్టకముందే
నేను చేయబోయే తప్పులకి
ఎవరో ధర కట్టి పంపించారు.

మొదటి కవరు చవక.
తొలి ఏడాదైతే దాదాపు ఊరికే.
కాకపోతే దానికో తోక ఉందట.
ఏజెంటు వెర్నర్ ఫోన్లో నవ్వకుండా చెప్పాడు:
"పాలసీ మానేసిన రోజున తోక కొనుక్కోవాలి, డాక్టర్ లాహ్తీ.
లేదంటే ఆ తర్వాత వచ్చే ఫిర్యాదు
నేరుగా మీ ఇంటి తలుపే తడుతుంది."
పిల్లికి తోక తెలుసు, గాలిపటానికి తెలుసు.
డబ్బిచ్చి కొనుక్కునే తోక గురించి
వినడం ఇదే మొదలు.

రెండోది ఖరీదు.
ఈ ఏడు పట్టిన పన్నుకి ఈ ఏటి పాలసీయే కాపలా,
ఫిర్యాదు ఎన్నేళ్ళకి వచ్చినా సరే.
చదువు అప్పు పక్కన పెట్టి కూడితే
నా కారు ఇంకో రెండేళ్ళు
తుప్పుతోనే తిరగాలి.

ఏడో పేజీలో, చీమల బారులాంటి అక్షరాల్లో,
ఒక సుత్తి కూడా దొరికింది.
కంపెనీ రాజీ అన్నప్పుడు నేను కాదంటే
ఆ పైన పడేదంతా నా నెత్తిన.
నా తప్పు లేదని నిలబడటానికి
గంటకి ఎంతో
అక్కడ రాయలేదు.

డాక్టర్ రౌతియోని అడిగాను.
నలభై ఏళ్ళుగా ఈ ఊరి నోళ్ళలోకి తొంగిచూసినవాడు.
పాలసీల మాట ఎత్తలేదు.
సరస్సు ఒడ్డున తన పడవల షెడ్డు చూపించాడు.
లోపల తాళ్ళున్నాయి, తెడ్లున్నాయి,
పడవ లేదు.
"తొమ్మిదేళ్ళ పిల్లాడు. పాలపన్ను అనుకుని పీకాను.
కాగితం ఆరేళ్ళకి వచ్చింది.
ఈలోగా నేను కంపెనీ మారాను, తోక కొనలేదు."
కాసేపాగి అన్నాడు:
"వాడిప్పుడు ఇనుపరాయి ఓడల మీద పని చేస్తున్నాడు.
కనిపిస్తే చెయ్యూపుతాడు, నవ్వడు.
నవ్వితే ఆ సందు కనిపిస్తుందని కాబోలు."

రెండో కవరే తెరిచాను.
పేరు, పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు,
చకచకా నింపుకుంటూ పోయాను
పద్నాలుగో ప్రశ్న దాకా.
దావాకి దారితీయగల సంఘటన ఏదైనా మీ ఎరుకలో ఉందా?
ఉంటే వివరించండి.
వివరించడానికి రెండు గీతలు ఇచ్చారు.

కాలేజీ క్లినిక్కు, మూడో ఏడు.
ఒడెట్ బూషే, స్కూలు బస్సు డ్రైవరు.
ఆమె దవడపన్ను వేరులో
నా సన్నటి సూది కొస విరిగి ఉండిపోయింది,
మూడు మిల్లీమీటర్లు.
ప్రొఫెసర్ రాకముందే ఆమెకి చెప్పేశాను,
చెబుతుంటే నా గొంతే నాకు మొద్దుబారింది.
నోటికి రబ్బరు తెర, మాట్లాడే వీల్లేదు.
బొటనవేలు పైకెత్తి చూపించింది.
పరవాలేదనో, త్వరగా కానిమ్మనో
ఇప్పటికీ తెలీదు.

అప్పటి పాలసీ కాలేజీది. నన్నెవరూ అడగలేదు.
"లేదు" గడి చిన్నగా, శుభ్రంగా,
నింపిన పన్నులా మెరుస్తోంది.

"ఉంది" దగ్గర టిక్కు పెట్టాను.
రెండు గీతలూ చాల్లేదు.
మార్జిన్ వెంట పైకి ఎక్కి, కాగితం తిప్పి,
వెనకవైపు కూడా రాశాను.
రోగి పేరు రాయకూడదన్నారు, రాయలేదు.
బొటనవేలు గురించి రాశాను.