రెండు దెబ్బలు

తొమ్మిదేండ్లు నేను లారీకి వెనుక కన్ను.
అరచేత్తోటి డాల మీద రెండు దెబ్బలు కొడితే రానీ.
ఒక్కటి కొడితే ఆపు.
టకటకా కొట్టిన్నంటే
గోడో, బర్రెనో, ఎవరి కాలో ఉన్నట్టు.

ఎనుమాముల యార్డుల పత్తి బస్తాల నడుమ
ఎంత సందున్నదో నా చెయ్యికి ఎరుక.
సీటు మాత్రం నాది కాదు.
ఎడమ దిక్కు, డోరుకు ఆనుకొని,
జాకీ, పానాలు, మొగిలన్న చాయ్ ఫ్లాస్కు పక్కపొంటి
నా జాగ.

"ఎన్నేండ్లు టైర్లు తడుముతవు రా సారంగం,
ఇటొచ్చి కూసో" అన్నడు ఒక ఆదివారం.
యార్డు ఖాళీ. కాంటా మీద కుక్క పండుకున్నది.
ఎందుకని అడగలే.
రాత్రిపూట ఎదురొచ్చే రెండు లైట్లు
ఆయనకు నాలుగైతున్నయని
అప్పటికే నాకు తెలుసు.

గేరు రాడ్డు పట్టుకుంటే వణుకు.
ఇంజన్‌దా, నాదా?

పత్తి లోడు గాలి మాట ఇంటది,
పరకాల తొవ్వల ఎదురుగాలికి తలకాయ ఊపుతది.
గ్రానైట్ బండ ఎవ్వరి మాట ఇనదు.
బ్రేకు నువ్వేస్తవు, ఎక్కడ ఆగాల్నో అది చెప్తది.
అన్నిట్ల మోసం సగం నిండిన నీళ్ల ట్యాంకరు,
నువ్వు ఆగినంక అది నడుస్తది.
ఇవన్నీ మొగిలన్న చెప్పినయే,
నడుమ నడుమ తిట్లు నేను రాస్తలేను.

ఆటో లైసెన్సుకు ఏడాది నిండింది.
డ్రైవింగ్ స్కూలు కాయితం దొరికింది.
డాక్టరు ఒక కన్ను మూసి కింది వరుస చదువుమన్నడు.
"అక్షరాలేమో గని సార్,
గోడ మీద బల్లి తోక తెగి ఉన్నది" అన్న.
సంతకం పెట్టిండు.

మొదటిసారి ఫెయిల్.
రివర్స్ గేరు వేసి ఊకె కూసున్న.
"దేనికి చూస్తున్నవ్?" అన్నది ఇన్‌స్పెక్టర్ మేడం.
దెబ్బ కోసం అని ఎట్ల చెప్పాలె?
వెనుక ఎవ్వరు లేరు.
వెనుక ఉండేటోణ్ణి నేనే గద.
ఇనుప కడ్డీ వంగిన సప్పుడు
ఇంటిదాక ఇనవడ్డది.

ఆ రాత్రి మొగిలన్న యార్డుల లారీ వెనుక నిలవడ్డడు.
"నేను కొట్ట. సచ్చినా కొట్ట. అద్దంల చూడు."
కుడి అద్దంల చీకటి.
చీకట్ల బీడీ నిప్పు ఒక్కటే.
అంగుళం అంగుళం ఆ నిప్పు మీదికే వచ్చిన.
అది పెద్దగైంది,
ఎర్రగైంది,
కదలలే.
నేనే ఆపిన.
దిగి చూస్తె నడుమ జానెడు.
"బీడీ అయిపోయింది, ఇంకోటియ్యి" అన్నడు.

కార్డు పోస్టుల వచ్చింది. ఫోటోల దొంగోని లెక్క ఉన్న.
సుగుణ బియ్యం డబ్బల దాచి
మళ్ల తనే తీసి ఇచ్చింది,
"పోలీసోళ్లు ఆపితే డబ్బ చూపిస్తవా" అనుకుంట.

మొదటి ట్రిప్పు జమ్మికుంట, జిన్నింగ్ మిల్లు.
ఎడమ దిక్కు మొగిలన్న,
ఒడిల ఫ్లాస్కు, తొవ్వంత మాట లేదు.
మిల్లు గేటు కాడ తనే దిగిండు,
వెనుకకు పోయిండు,
కొట్టనన్న మనిషి
డాల మీద రెండు కొట్టిండు.

రెండంటే నాకు రానీ.
ఆయన క్లీనరుగ ఉన్ననాడు, ఎన్నడో,
రెండంటే ఆపు అట.
చెయ్యి పాతది మర్వలే.

అద్దం చూసిన కాబట్టి
గోడ మిగిలింది.